మాన్యువల్‌లో పెట్టినవాడి మాట

ఏ కాగితం మిల్లు కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టినా నా కళ్ళు ముందు వెతికేది ఒకటే: ఎన్ని లూపులు ఆటోలో ఉన్నాయి, ఎన్ని మాన్యువల్‌లో ఉన్నాయి? ఉత్పత్తి ఎంత, మెషిన్ స్పీడ్ ఎంత అన్నది తర్వాతి సంగతి. స్క్రీన్ మీద ఒక్కో కంట్రోలర్ పక్కన ఆటో అనో, మాన్యువల్ అనో చిన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తుల్ని పైనుంచి కిందికి ఒకసారి చూసుకుంటే చాలు, ఆ మిల్లులో ఇన్‌స్ట్రుమెంట్ వాళ్ళకీ ప్రొడక్షన్ వాళ్ళకీ మధ్య మాటలున్నాయో లేవో తెలిసిపోతుంది. రిటైరయ్యాక కూడా ఈ అలవాటు వదల్లేదు. ఉద్యోగ జీవితం నాకు మిగిల్చిన పాఠం కూడా దీన్లోనే ఉంది. ఆపరేటర్ ఒక లూపును మాన్యువల్‌లో పెట్టాడంటే దాన్ని ఫిర్యాదుగా తీసుకోవాలి, లాగ్‌బుక్‌లో ఒక్క ముక్క రాయకపోయినా సరే.

నా పని ఏమిటో ఊళ్ళో మావాళ్ళకి చెప్పడం ఎప్పుడూ కష్టమే. కరెంటు పనా అంటే కాదు, ఫిట్టర్ పనా అంటే కాదు, కంప్యూటర్ పనా అంటే అదీ పూర్తిగా కాదు. ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడ్ చదివి, అప్రెంటిస్‌గా మిల్లులో చేరినవాణ్ణి. మా పనంతా లూపుల చుట్టూ తిరుగుతుంది. స్నానానికి వేన్నీళ్ళలో చన్నీళ్ళు కలుపుకునేటప్పుడు మనం చేసేదే లూపు. చెయ్యి పెట్టి చూస్తాం, వేడెక్కువగా ఉంటే చెంబుడు చన్నీళ్ళు పోస్తాం, మళ్ళీ చెయ్యి పెట్టి చూస్తాం. చూసే చెయ్యి ట్రాన్స్‌మిటర్, ఎంత పొయ్యాలో తేల్చే బుర్ర కంట్రోలర్, పోసే చెయ్యి వాల్వు. మిల్లులో ఈ మూడూ మూడుచోట్ల ఉంటాయి. ట్రాన్స్‌మిటర్ పైపు మీద, కంట్రోలర్ ఏసీ గదిలో, వాల్వు ఎక్కడో కింది అంతస్తులో ఆవిరీ తడీ మధ్య. ఈ మూడింటినీ కలిపి ఉంచడమే మా ఉద్యోగం. పెద్ద మిల్లయితే ఇలాంటి లూపులు రెండు వేలు కూడా దాటతాయి.

ఆటోలో ఉంటే ఆ పని కంట్రోలర్ చూసుకుంటుంది. మాన్యువల్‌లో పెడితే ఆపరేటర్ చూసుకోవాలి. ఎనిమిది గంటల షిఫ్టులో, ఎన్నో లూపుల మధ్య, ఒకదాన్ని నెత్తిన వేసుకోవడమంటే అదనపు చాకిరీ. ఎవరూ సరదాకి అదనపు చాకిరీ కోరుకోరు. ఈ ఒక్క సంగతి నా బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టింది. మా డిపార్ట్‌మెంట్‌లో అప్పట్లో నడిచే మాట వేరు: “వాళ్ళకి ఆటో అంటే భయమోయ్, పాతకాలం మనుషులు.” కుర్రాళ్ళం మేమూ అదే నమ్మేవాళ్ళం.

ఆ నమ్మకాన్ని కదిలించింది మా గురువుగారు. సీనియర్ టెక్నీషియన్. పేరు పెట్టి పిలిచే ధైర్యం మాకు ఉండేది కాదు, అందరికీ ఆయన గురువుగారే. నన్ను మొదటిసారి కంప్లయింట్ మీద పంపుతూ ఆయన చెప్పింది ఇంతే: “వెళ్ళి, ఎందుకు పెట్టారండీ మాన్యువల్‌లో అని అడక్కు. ఎప్పట్నుంచి పెట్టారండీ అని అడుగు.” తేడా ఏముందో అప్పుడు నాకు తెలియలేదు. తర్వాత తెలిసింది. ఎందుకు అని అడిగితే మనిషి సంజాయిషీ వెతుక్కుంటాడు. తన తప్పు లేదని చెప్పుకోవాలనిపిస్తుంది. ఎప్పట్నుంచి అని అడిగితే గుర్తు చేసుకుంటాడు. “మొన్న షట్ అయి మెషిన్ లేచిన దగ్గర్నుంచి”, “వానలు పట్టాక”, “వెదురు లారీలు రావడం మొదలయ్యాక” అంటాడు. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

వెదురు లారీల మాట ఊరికే అనలేదు. అడవి మీద ఆధారపడ్డ పరిశ్రమలో మీటర్ల కథ కర్రల యార్డులో మొదలవుతుంది. మన వైపు కాగితం మిల్లులకి పెద్ద చరిత్రే ఉంది. రాజమండ్రి మిల్లు మూలాలు 1924 నాటి కర్నాటిక్ పేపర్ మిల్స్‌లో ఉన్నాయి. సిర్పూర్ మిల్లు వచ్చాక కొత్తపేట ఊరు పేరే కాగజ్‌నగర్ అయిపోయింది. ఆ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్ళీ తెరుచుకుంది. భద్రాచలం పక్కన సారపాకలో అట్టల మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఒకప్పుడు ఈ మిల్లుల పొట్ట నింపింది ఏజెన్సీ అడవుల వెదురు. 1988 జాతీయ అటవీ విధానం ప్రభుత్వ అడవుల మీద ఆధారపడవద్దు, కావలసిన కర్రను రైతులతో పెంచించుకోండి అని పరిశ్రమలకు చెప్పింది. అప్పట్నుంచి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల సుబాబుల్, కోస్తా ఇసుక నేలల సరుగుడు, గోదావరి, ఖమ్మం ప్రాంతాల నీలగిరి క్లోన్లు మిల్లు గేట్ల ముందు వరస కట్టాయి. ఇది అటవీ శాఖ ఫైళ్ళలో విధానం. మాకు మాత్రం అది ట్రాన్స్‌మిటర్ దగ్గర రోజూ ఎదురయ్యే చిక్కు.

ఆ చిక్కు ఏమిటో చెబుతాను. కర్రను ముక్కలు చేసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిసిన వైట్ లిక్కర్‌లో 165, 170 డిగ్రీల దగ్గర ఉడికిస్తే కర్రను పట్టి ఉంచే లిగ్నిన్ కరిగిపోయి నార మిగులుతుంది. కడిగి, తెల్లబరచి, నీళ్ళు కలిపి మెషిన్‌కి పంపే ఆ నారే పల్పు. ఆ నీళ్ళలో నార ఎంత శాతం ఉందో చెప్పేదే కన్సిస్టెన్సీ ట్రాన్స్‌మిటర్. మెషిన్‌కి ముందుండే పల్పు తొట్టె, మెషిన్ చెస్ట్ దగ్గర మూడు నాలుగు శాతం ఉంటుంది. పల్పును మెషిన్ మీదికి వదిలే హెడ్‌బాక్స్‌కి చేరేసరికి ఒక శాతం లోపుకి వస్తుంది. ఈ మొదటి అంకె ఊగితే కాగితం బరువు ఊగుతుంది, బరువు ఊగితే షీట్ తెగుతుంది. మా రోజుల్లో ఈ ట్రాన్స్‌మిటర్ ఎక్కువగా బ్లేడు రకం. పైపులో పోతున్న పల్పు ఒక బ్లేడును ఎంత బలంగా ఒరుసుకుంటూ పోతుందో కొలిచి, దాన్ని శాతంగా చూపిస్తుంది. నారను అది లెక్కపెట్టదు, ఒరిపిడిని మాత్రమే కొలుస్తుంది.

మా మెషిన్‌మ్యాన్ ఒకాయన్ని అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఆయన షిఫ్టులో కన్సిస్టెన్సీ లూపు తరచూ మాన్యువల్‌లో ఉండేది. “ఎప్పట్నుంచి బాబాయ్?” అని అడిగాను. “వెదురు వచ్చినప్పుడల్లా తీసేత్తానబ్బాయ్. అది అబద్ధం చెబుద్ది” అన్నాడు. శాంపిల్ వాల్వు తిప్పి, గుప్పెడు పల్పు పట్టి, నీళ్ళు కారేలా పిండి నా అరచేతిలో పెట్టాడు. “నీ డబ్బా మూడున్నర అంటోంది కదా, ఇది మూడు కూడా లేదు చూడు.” నా చేతికి అది తడి ముద్ద, అంతే. శాంపిల్ ల్యాబుకి పంపాం. వడగట్టి, ఓవెన్లో ఎండబెట్టి, తూచి చెప్పిన అంకె బాబాయ్ పక్కనే నిలబడింది.

ట్రాన్స్‌మిటర్‌ని విప్పి చూస్తే అందులో ఏ లోపమూ లేదు. నీలగిరి నార పొట్టిది, మిల్లీమీటరు లోపే ఉంటుంది. వెదురు నార దాదాపు దానికి రెట్టింపు. పొడుగు నార ఒకదాన్నొకటి పెనవేసుకుని బ్లేడును గట్టిగా ఒరుసుకుంటుంది. అంచేత వెదురు పాలు పెరిగినప్పుడు అదే పల్పు చిక్కగా కనిపిస్తుంది. చిక్కగా ఉందనుకుని కంట్రోలర్ ఇంకా నీళ్ళు కలుపుతుంది. అసలు కన్సిస్టెన్సీ పడిపోతుంది. బాబాయ్ చేతికి ఇదంతా తెలుసు, కాకపోతే మా భాషలో చెప్పడం రాదు. మా దగ్గర ఆ భాష ఉంది గానీ చెయ్యి లేదు. ఆ తర్వాత వెదురు ఎక్కువ ఉన్నప్పుడు ఒక క్యాలిబ్రేషన్, లేనప్పుడు ఇంకొకటి పెట్టాం. యార్డులో కర్ర మారగానే కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చెయ్యాలన్న పద్ధతి వచ్చింది. బాబాయ్ షిఫ్టులో కూడా లూపు ఆటోలో నిలబడింది. ఆయన ఒక్క మాటా అనలేదు. ఊరికే టీ చెప్పాడు.

నేను చేరేనాటికి సగం మిల్లు ఇంకా గాలి మీదే నడిచేది. సిగ్నల్ అంటే సన్నటి రాగి గొట్టంలో మూడు నుంచి పదిహేను పీఎస్‌ఐ గాలి. నాజిల్ రంధ్రంలో నలుసు పడితే సన్నని తీగతో తీసేవాళ్ళం. వానాకాలంలో ఎయిర్ డ్రయర్ మొరాయించి గొట్టాల్లో నీళ్ళు చేరితే మీటర్లన్నీ ఒకేసారి పిచ్చెత్తినట్టు ఊగేవి. తర్వాత కరెంటు సిగ్నల్ వచ్చింది, నాలుగు నుంచి ఇరవై మిల్లీయాంపులు. సున్నా కొలత దగ్గర కూడా నాలుగు మిల్లీయాంపులు ఉంచుతారు. అది లేకపోతే తీగ తెగిపోయిందా, నిజంగానే ట్యాంకు ఖాళీ అయిందా అన్నది తేల్చుకోలేం. ఈ ఏర్పాటు చేసినవాళ్ళ బుద్ధికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. 1975లో హనీవెల్ వాళ్ళ టీడీసీ 2000, యోకోగావా వాళ్ళ సెంటమ్ ప్రపంచానికి డీసీఎస్‌ని, అంటే కంప్యూటర్ తెరల మీంచి లూపులన్నీ నడిపే వ్యవస్థని, పరిచయం చేశాయి. కొన్నేళ్ళకి అది మన మిల్లులకీ వచ్చింది. గోడ నిండా ఉన్న ప్యానెల్ నాలుగు స్క్రీన్లయింది.

సౌకర్యం పెరిగింది, కాదనను. దూరం కూడా పెరిగింది. గాలి రోజుల్లో కంట్రోలర్ వాల్వుకి పాతిక ముప్పై అడుగుల దూరంలో ఉండేది. ఆపరేటర్ కంట్రోలర్ తిప్పి, తల తిప్పి వాల్వు కదిలిందో లేదో చూసేవాడు. డీసీఎస్ వచ్చాక వాల్వు కదిలిందా అంటే స్క్రీన్ మీద అంకె మారింది అని చెప్పడం అలవాటైంది. ఆ అంకె కంట్రోలర్ పంపిన ఆజ్ఞ మాత్రమే. వాల్వు ఆ ఆజ్ఞ విన్నదో లేదో ఆ అంకె చెప్పదు.

దీనికి ఒక ఉదాహరణ నాకు బాగా గుర్తుంది. రాత్రి సి షిఫ్టు. మెషిన్ మీద కాగితం జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి గ్రాముల్లో బరువు, అలలుగా ఊగుతోంది. రెండుసార్లు షీట్ తెగి, తెగిన కాగితం పడే బ్రోక్ పిట్ నిండి, మెషిన్ ఫ్లోర్ అంతా తడి కాగితం. ఆపరేటర్ కాగితం బరువును నియంత్రించే బేసిస్ వెయిట్ వాల్వుని మాన్యువల్‌లో పడేశాడు. అంతకుముందు రోజే సిస్టమ్ కంపెనీ ఇంజనీరు వచ్చి ట్యూనింగ్ మార్చి వెళ్ళాడు. కంట్రోలర్ స్పందించే జోరు, అంటే గెయిన్, తగ్గించాడు. అల నెమ్మదించింది గానీ పోలేదు. గురువుగారు స్క్రీన్ మీద ట్రెండ్ గీతలు చూశారు. కంట్రోలర్ ఔట్‌పుట్ రంపం పళ్ళలా వాలుగా ఎక్కి దిగుతోంది. ఫ్లో మాత్రం మెట్టులా ఒక్కసారి లేచి, కాసేపు నిలబడి, ఒక్కసారి పడుతోంది. “రావోయ్ కిందికి” అన్నారు.

వాల్వు దగ్గర ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి, వాల్వుని కదిపే కడ్డీ, స్టెమ్ మీద సన్నగా గీత పెట్టారు. వాకీటాకీలో పైకి చెప్పారు: “అర శాతం పెంచండి.” గీత కదల్లేదు. “ఇంకో అర.” కదల్లేదు. “ఇంకో అర.” వేలు పెట్టి చూస్తే స్టెమ్ లోపల బిగుసుకున్నట్టు సన్నని వణుకు తప్ప ఏమీ లేదు. నాలుగో అరకి టక్కున చప్పుడై గీత ఒక్కసారి పైకి ఎగిరింది. అంటే కంట్రోలర్ కొద్దికొద్దిగా అడుగుతోంది, వాల్వు వినడం లేదు, విన్నప్పుడు అన్నీ కలిపి ఒకేసారి వింటోంది. గురువుగారు పైకి అడిగిన తర్వాతి ప్రశ్న నాకు తెలిసిందే: “ఎప్పట్నుంచి?” జవాబు వచ్చింది, “మొన్న షట్ తర్వాతండీ.” ఆ షట్‌లో, అంటే మెషిన్ ఆపినప్పుడు, స్టెమ్ చుట్టూ ఉండే గ్లాండ్ కారుతోందని ఎవరో ప్యాకింగ్ నట్లు బలం కొద్దీ బిగించారు. కారడం ఆగింది, వాల్వు కూడా ఆగింది. నట్లు రెండూ సమంగా కాస్త వదులు చేశాం. నాలుగు చుక్కలు కారాయి, కింద బకెట్ పెట్టాం. తర్వాతి షట్‌లో ప్యాకింగ్ మార్చాం. తెల్లారేసరికి జీఎస్‌ఎం గీత సాపుగా పోతోంది.

ట్యూనింగ్ అంటే గౌరవం లేక చెప్పడం లేదు. జీగ్లర్, నికోల్స్ అనే ఇద్దరు 1942లో రాసిపెట్టిన సూత్రాలతోనే మేమంతా మొదలుపెట్టాం. కానీ వినని వాల్వుకి ఎంత చక్కటి ట్యూనింగ్ చేసినా వ్యర్థమే. ఇది మా ఒక్క మిల్లు గోడు అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, కెనడాలో బిల్ బియల్కోవ్‌స్కీ అనే ఇంజనీరు కాగితం మిల్లుల్లో లూపుల్ని తనిఖీ చేసి 1993లో ఫలితాలు ప్రకటించారు. సరిగ్గా పనిచేసి ఊగిసలాటను తగ్గిస్తున్న లూపులు నూటికి ఇరవై మాత్రమేనట. ముప్పై శాతం ట్యూనింగ్ లోపాలు, ఇంకో ముప్పై శాతం వాల్వుల జబ్బులు, మిగిలిన ఇరవై సెన్సర్ల వంటి ఇతర తంటాలు. అడవి పరిశ్రమకు పేరుబడ్డ దేశపు మిల్లుల్లోనే పరిస్థితి అదైతే, ఆటోని నమ్మని మా బాబాయ్‌ని మొండివాడని ఏ ముఖం పెట్టుకుని అంటాం?

కర్ర ఉడికించే డైజెస్టర్ దగ్గర ఇంకో రకం పాఠం. చిప్స్ బెల్టు మీద పోతుంటే బెల్ట్ వేయర్ తూస్తుంది. ఆ తూకాన్నిబట్టి ఎంత వైట్ లిక్కర్ పొయ్యాలో కంట్రోలర్ లెక్క కడుతుంది. ఈ లెక్క ఎండు కర్ర మీద కట్టాలి. పచ్చి కర్రలో దాదాపు సగం బరువు నీళ్ళే. వానాకాలంలో యార్డులో తడిసిన చిప్స్ ఇంకా బరువెక్కుతాయి. బెల్టుకి నీళ్ళూ కర్రే. అంచేత లిక్కర్ ఎక్కువ పడి, పల్పు అతిగా ఉడికి, నార నీరసపడుతుంది. వేసవిలో చిప్స్ ఎండిపోయి ఇది తారుమారవుతుంది, లిక్కర్ చాలక ఉడకని ముక్కలు మిగులుతాయి. మా డైజెస్టర్ ఆపరేటర్ ఆషాఢం వచ్చిందంటే లిక్కర్ లూపుని మాన్యువల్‌లోకి తెచ్చేసి, గుప్పెడు చిప్స్ తీసి విరిచి చూసి, తన లెక్కన పోసేవాడు. అతన్ని ఆపాలని పైనుంచి మెమో వచ్చింది. మెమో పక్కనపెట్టి మేము చేసింది, షిఫ్టుకొకసారి ల్యాబు చిప్స్ తేమ చూసి ఆ అంకెను సిస్టంలో వేసే ఏర్పాటు. అతని చేతి లెక్కే కంట్రోలర్ లెక్క అయింది. మెమో అవసరం లేకుండానే లూపు ఆటోలోకి వచ్చింది.

కొలతను ఎంతవరకు నమ్మాలో తెలియడం కూడా ఈ వృత్తిలో భాగమే. మెషిన్ చివర కాగితం మీద అటూ ఇటూ తిరిగే స్కానర్‌ని చూపించి, కాగితమంతా కొలుస్తోందని సందర్శకులకు చెబుతారు. అందులో క్రిప్టాన్-85 వంటి రేడియోధార్మిక ఐసోటోప్ ఉంటుంది. దాన్ని ఉంచుకోవాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు కావాలి. దాని దగ్గరికి వెళ్ళేటప్పుడు మా ఛాతీకి బ్యాడ్జీ ఉండాలి. ఇంత హడావిడి ఉన్న పరికరం కొలిచేది ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. మెషిన్ నిమిషానికి 600 మీటర్లు పరుగెడుతోందనుకోండి. స్కానర్ ఒక అంచునుంచి రెండో అంచుకి వెళ్ళడానికి అర నిమిషం పడితే ఈలోపు 300 మీటర్ల కాగితం దాని కిందనుంచి పోయింది. స్కానర్ చూసింది ఆ 300 మీటర్ల మీద ఏటవాలుగా పడ్డ ఒక్క సన్నని చారని. మిగతాదంతా అంచనా. ఆ అంచనా బాగానే పనికొస్తుంది. కానీ రీలు పక్కన నిలబడి కాగితాన్ని వేలితో మీటి “ఈ పక్క వదులుగా ఉంది” అనే మనిషి, స్కానర్ చూడని చోటు గురించి మాట్లాడుతున్నాడని మరిచిపోకూడదు.

అయితే ఆపరేటర్ చేతికి ఎప్పుడూ వదలకూడనివీ ఉన్నాయి. నేను మాన్యువల్‌కి వకాల్తా పుచ్చుకుని, ప్రమాదం రాబోతే వాటంతటవే ఆపేసే ఇంటర్‌లాకుల్ని గాలికి వదలమంటున్నానని ఎవరూ అనుకోకూడదు. పల్పు కడిగాక మిగిలిన బ్లాక్ లిక్కర్‌ని చిక్కబరచి రికవరీ బాయిలర్‌లో మండిస్తారు. అడుగున ఎర్రగా కరిగిన స్మెల్ట్ 800 డిగ్రీలు దాటి ఉంటుంది. దాని మీద నీళ్ళు పడితే బాయిలర్ పేలుతుంది. అందుకే లిక్కర్‌లో ఘనపదార్థం 58 శాతానికి తగ్గితే బాయిలర్‌లోకి పోకుండా దానంతటదే పక్కకు మళ్ళాలని అమెరికాలో రికవరీ బాయిలర్ల సలహా సంఘం మార్గదర్శకం పెట్టింది. దాన్ని కొలవడానికి ఒకటి కాదు, రెండు రిఫ్రాక్టోమీటర్లు. ఇక్కడ జంపర్ వేసి బైపాస్ చేసే హక్కు ఏ ఆపరేటర్‌కీ లేదు, ఏ టెక్నీషియన్‌కీ లేదు, మేనేజర్ చెప్పినా లేదు.

కానీ ఇక్కడ కూడా పాఠం మారదు. ఇంటర్‌లాకుని బైపాస్ చెయ్యాలన్న కోరిక ఎక్కడ పుడుతుంది? అబద్ధపు ట్రిప్పుల్లో పుడుతుంది. రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద పొర కట్టి, లేని ప్రమాదానికి బాయిలర్ ఆగిపోతే, మళ్ళీ పట్టాలెక్కించడానికి షిఫ్టంతా పడితే, నెలలో ఇలా పదేపదే జరిగితే, మనిషి దాన్ని నమ్మడం మానేస్తాడు. నమ్మకం పోయిన ఇంటర్‌లాకుని మెమోలు కాపాడలేవు. ఆ అద్దాన్ని వేళకు శుభ్రం చేసే టెక్నీషియన్ కాపాడతాడు. భద్రత పేరుతో పోస్టర్లు అంటించేవాళ్ళు ఈ సంగతి గుర్తించినట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

అందరు ఆపరేటర్లూ బాబాయ్ వంటివాళ్ళేనా అంటే కాదు. మాన్యువల్‌లో ఉంటే అలారం మోగదని, రాత్రి షిఫ్టు ప్రశాంతంగా గడుస్తుందని పెట్టేవాళ్ళనీ చూశాను. తమ తప్పు కప్పిపుచ్చుకోవడానికి నెపం ఇన్‌స్ట్రుమెంట్ మీద వేసేవాళ్ళూ ఉన్నారు. అయినా వెళ్ళి అడిగితే పోయేదేమీ లేదు. అలారం భరించలేక మాన్యువల్‌లో పెట్టాడంటే, అనవసరమైన అలారాలు అన్ని పెట్టింది ఎవరు? మేమే కదా. ప్రాజెక్టు సమయంలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అలారాలు పంచి, తర్వాత వాటిని తగ్గించే ఓపిక లేక వదిలేసింది మా డిపార్ట్‌మెంటే.

ఈమధ్య లూపుల ఆరోగ్యం చూసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఏ వాల్వు బిగుసుకుంటోందో, ఏ కంట్రోలర్ ఊగుతోందో, ఏది ఎన్ని గంటలు మాన్యువల్‌లో ఉందో అవే రిపోర్టు ఇస్తాయి. మంచివే. వాల్వుకి బిగించే పొజిషనర్లు కూడా అది నిజంగా ఎక్కడుందో పైకి చెబుతున్నాయి. గురువుగారి పెన్సిల్ గీత చేసిన పని ఇప్పుడు ఒక చిప్ చేస్తోంది. కానీ రిపోర్టు చూసి, మాన్యువల్ గంటలు తగ్గించండని ఆపరేటర్ల మీద టార్గెట్ పెట్టే మిల్లులున్నాయని విన్నాను. అది జ్వరం తగ్గాలని థర్మామీటర్ దాచెయ్యడమే. టార్గెట్ పెడితే గంటలు తగ్గుతాయి. ఆపరేటర్ ఆటోలోనే ఉంచి, కంట్రోలర్‌కి ఇచ్చే లక్ష్యపు అంకె, సెట్‌పాయింట్‌ని నిమిషానికోసారి మార్చుతూ చేతి పని చేసుకుంటాడు. రిపోర్టు బాగుంటుంది, కాగితం బాగుండదు. ఫిర్యాదు కూడా వినబడకుండా పోతుంది.

పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చదువుతున్న పిల్లలు, ఇప్పుడు అమ్మాయిలు కూడా, అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఈ లైన్‌లోకి రావచ్చా అండీ అని. రావచ్చు. కాగితం అయిపోతుందని ఎవరెన్ని చెప్పినా, అట్టపెట్టెలకీ టిష్యూకీ గిరాకీ ఉన్నంతకాలం మిల్లులుంటాయి, మిల్లులున్నంతకాలం లూపులుంటాయి. మిల్లు కంపు మొదటి నెల భరించండి, తర్వాత తెలియదు. సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, తప్పదు. కానీ ల్యాప్‌టాప్ తెరిచేముందు మెట్లు దిగి వాల్వు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేముందు ఆపరేటర్‌ని ‘ఎప్పట్నుంచి’ అని అడగండి. అతను చెబుతుంటే మధ్యలో ఆపకండి. అతను చెప్పింది తప్పయినా సరే, పూర్తిగా విన్నాకే తప్పని తేల్చండి. మిల్లు యజమానులకీ ఒక మాట: టెక్నీషియన్‌కి జీతంతో పాటు ఆ పది నిమిషాలు కూర్చుని వినే తీరిక కూడా ఇవ్వండి. ఖరీదైన సిస్టం కొన్న తర్వాత కూడా లూపులు ఆటోలో నిలబడకపోవడానికి, నేను చూసినంతలో, ఆ పది నిమిషాలు లేకపోవడమే పెద్ద కారణం.